దాణాలో కలిపిన నూనె కోడి పొట్టలో కొవ్వుగా మారుతుందా?

వేసవిలో మీ బ్రాయిలర్ కోళ్లు దాణా తగ్గించి తింటున్నాయని, ఫినిషర్‌లో, అంటే అమ్మకానికి ముందు చివరి దశలో పెట్టే దాణాలో, నూరు కిలోలకు రెండు కిలోల చొప్పున పామాయిల్ కలిపానని, బరువు బాగానే వచ్చినా పొట్టలో కొవ్వు ఎక్కువగా వస్తోందని దుకాణదారులు అంటున్నారని మీరు రాశారు. పామాయిల్ మానేసి తవుడు నూనెకో పొద్దుతిరుగుడు నూనెకో మారితే ఆ కొవ్వు తగ్గుతుందా అన్నది మీ మొదటి ప్రశ్న. అదే పామాయిల్‌ను రోజుకు అర లీటరు చొప్పున, పచ్చి తవుడుతో పాటు పాడి గేదెకు పెడితే పాలలో వెన్న శాతం పెరగకపోగా పడిపోయింది, ఎందుకు అన్నది రెండోది. పశుపోషణ రంగంలో దాణా సూత్రాలు రాస్తూ చాలా ఏళ్లు గడిపినవాడిగా నాకు ఈ రెండు ప్రశ్నలూ ఒకే చోట నుంచి పుట్టినవిగా కనిపిస్తున్నాయి: తిన్న కొవ్వు తిన్నట్టుగానే ఒంట్లోనో పాలలోనో చేరుతుందన్న నమ్మకం నుంచి. అది కొంతవరకే నిజం.

మీ కోళ్ల విషయంలో నా అభిప్రాయం ముందే చెబుతాను. మీరు ఎంచుకున్న నూనె రకం కంటే, ఆ నూనెను కలిపిన పద్ధతే పొట్ట కొవ్వుకు పెద్ద కారణం. కలిపి సిద్ధం చేసుకున్న దాణా మీద అదనంగా నూనె పోయడం వల్ల శక్తికీ మాంసకృత్తులకూ మధ్య ఉండవలసిన పొత్తు, అంటే నిష్పత్తి, చెడింది. నూనె మారిస్తే కొంత తేడా రావచ్చు గాని, ఈ పొత్తు సరిచేయకుండా నూనె ఒక్కటే మారిస్తే మీకు అదనపు ఖర్చు పడుతుంది, కొవ్వు మాత్రం అలాగే ఉంటుంది.

ఇది అర్థం కావాలంటే కోడి ఒంట్లో కొవ్వు ఎక్కడ తయారవుతుందో తెలియాలి. పందిలో, ఆవులో, గేదెలో కొత్త కొవ్వు తయారీ ప్రధానంగా కొవ్వు కణజాలంలోనే, అంటే కొవ్వు నిలవ ఉండే చోటనే జరుగుతుంది. ఎలుకలో కాలేయం, కొవ్వు కణజాలం రెండూ ఆ పని చేస్తాయి. కోడిలో మాత్రం ఆ పని దాదాపు పూర్తిగా కాలేయానిదే. పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు కణజాలం కేవలం గోదాము వంటిది. మొక్కజొన్న పిండి పదార్థంలో కోడి అవసరానికి మించినది కాలేయంలో కొవ్వు ఆమ్లాలుగా మారి, రక్తంలో రవాణా కణాలుగా బయలుదేరి, గోదాముకు చేరుతుంది. తిన్న నూనె కూడా కోడిలో కాలేయం మీదుగానే వెళుతుంది. క్షీరదాల్లో పేగు నుంచి గ్రహించిన కొవ్వు శోషరస (లింఫ్) నాళాల ద్వారా రక్తంలో కలుస్తుంది గాని, పక్షుల్లో ఆ నాళాల వ్యవస్థ సరిగా వృద్ధి చెందదు కాబట్టి, కొవ్వు కణాలు పేగు నుంచి సిరల గుండా నేరుగా కాలేయానికి చేరుతాయి. అందుకే కోడిలో కాలేయం అటు దిగుమతికీ ఇటు ఉత్పత్తికీ ఒకే ద్వారంగా నిలుస్తుంది, తినిపించే నూనె రకాన్ని బట్టి దాని ప్రవర్తన మారే అవకాశం కూడా అక్కడే పుడుతుంది.

ఇంకొక ముఖ్యమైన విషయం ఉంది. దాణాలో కొవ్వు పెరిగినప్పుడు కాలేయంలో కొత్త కొవ్వు తయారీ తగ్గుతుంది. మొత్తం శక్తిని అలాగే ఉంచి, పిండి పదార్థంలో కొంత తీసేసి దాని బదులు నూనె పెడితే, కోడి తాను తయారు చేసుకునే కొవ్వును తగ్గించుకుని బయటి నుంచి వచ్చిన కొవ్వును వాడుకుంటుంది. గుడ్లు పెట్టే కోళ్లలో కాలేయం కొవ్వుతో ఉబ్బి, పెళుసై, లోపలే రక్తస్రావమై చనిపోయే జబ్బు నూనె ఎక్కువై వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎక్కువగా పిండి పదార్థం రూపంలో శక్తి మితిమీరినప్పుడు, కాలేయం తాను తయారు చేసిన కొవ్వును బయటకు పంపలేకపోయినప్పుడు వచ్చే స్థితి. అటువంటి మందలో మొక్కజొన్న కొంత తగ్గించి నూనె చేర్చి, కాలేయం నుంచి కొవ్వు బయటకు వెళ్లడానికి తోడ్పడే కోలీన్, మెథియోనిన్ అనే పోషకాలను సరిచూస్తే పరిస్థితి మెరుగుపడడం ఉంది. కాబట్టి నూనె అనగానే శత్రువుగా చూడవలసిన పని లేదు.

వేసవిలో నూనె కలపాలన్న మీ ఆలోచన కూడా సరైనదే. పిండి పదార్థాన్ని ఒంటి కొవ్వుగా మార్చేటప్పుడు దాని శక్తిలో సుమారు నాలుగో వంతు వేడిగా పోతుంది. తిన్న కొవ్వును ఒంటి కొవ్వుగా నిలవ చేయడంలో పోయేది చాలా తక్కువ. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజుల్లో, రొప్పుతూ ఒంటి వేడిని బయటకు పంపడానికి తంటాలు పడుతున్న కోడికి ఈ తేడా చిన్నది కాదు. తప్పు ఆలోచనలో లేదు, లెక్కలో ఉంది.

ఆ లెక్కను ఒకసారి చేసి చూద్దాం. మీ ఫినిషర్‌లో కిలోకు 3,100 కిలో కేలరీల శక్తి, 19.5 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకుందాం. ఒక శాతం మాంసకృత్తులకు 159 కిలో కేలరీల శక్తి ఉన్నట్టు. ఇప్పుడు నూరు కిలోల ఆ దాణాకు రెండు కిలోల నూనె పోస్తే, నూనె కిలోకు 8,500 కిలో కేలరీలు ఇస్తుందని తీసుకున్నా, 102 కిలోల మిశ్రమంలో శక్తి కిలోకు సుమారు 3,206 అవుతుంది. మాంసకృత్తులు పెరగవు సరికదా, ఎక్కువ బరువులో పలచబడి 19.1 శాతానికి దిగుతాయి. పొత్తు 159 నుంచి 168కి పెరిగింది. దీని మీద, శక్తి ఎక్కువున్న దాణాను కోడి కొంత మేరకు తగ్గించి తింటుంది, ఎండ వల్ల ఇంకా తగ్గిస్తుంది. అంటే రోజుకు ఒంట్లోకి వెళ్లే లైసిన్, మెథియోనిన్ వంటి అమైనో ఆమ్లాలు, అంటే మాంసకృత్తుల ముక్కలు, రెండు వైపుల నుంచీ తగ్గుతాయి. కండ కట్టడానికి కావలసిన సామాను సరిపోక మిగిలిపోయిన శక్తికి కోడి ఒంట్లో ఒకే దారి ఉంది, అది పొట్ట కొవ్వు. మీ దుకాణదారులు చూసింది దీన్నే.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. మీరు దాణా సొంతంగా కలుపుకుంటారు కాబట్టి, నూనె చేర్చినప్పుడల్లా నూరు కిలోలకు రెండున్నర కిలోల మొక్కజొన్న తీసి, అంతే బరువు సోయా చెక్క వేయండి. పైన చెప్పిన లెక్కలో మాంసకృత్తులు మళ్లీ 20 శాతానికి వచ్చి, పొత్తు 159 దగ్గరకు చేరుతుంది. సోయా ధర ఎక్కువగా ఉన్న నెలల్లో మొత్తం సోయాతోనే నింపకుండా లైసిన్, మెథియోనిన్, థ్రియోనిన్ పొడులతో కొంత భాగం పూడ్చవచ్చు గాని, ఆ అమైనో ఆమ్లాల నిష్పత్తిని తెలిసినవారి చేత లెక్క వేయించుకోండి. ఊహతో వేయవద్దు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ఫారంలో సరిగ్గా ఇదే ఫిర్యాదు వచ్చింది. వాళ్లు నూనెనే అనుమానించి మూడు బ్యాచ్‌లలో మూడు నూనెలు మార్చారు, కొవ్వు తగ్గలేదు. నేనూ మొదట నూనె వైపే చూశాను. చివరికి సోయా చెక్క నమూనాలను ప్రయోగశాలకు పంపితే, 46 శాతం ఉంటుందని కొన్న సరుకులో మాంసకృత్తులు 41 శాతమే ఉన్నాయని తేలింది. కాగితం మీద సూత్రం ఎంత సరిగా ఉన్నా కోళ్లు తింటున్నది వేరు. అప్పటి నుంచి పొట్ట కొవ్వు గురించి ఎవరు అడిగినా నేను ముందు సోయా పరీక్ష చేయించారా అని అడుగుతాను, నూనె సంగతి ఆ తరువాత.

ఇప్పుడు మీరు అసలు అడిగిన నూనె రకం విషయానికి వద్దాం. నూనెలన్నీ ఒకే శక్తిని ఇవ్వవు, ఒంట్లో ఒకేలా ప్రవర్తించవు. పామాయిల్‌లో పామిటిక్ అనే సంతృప్త (గడ్డకట్టే రకం) కొవ్వు ఆమ్లం సుమారు 44 శాతం, అసంతృప్త (ద్రవంగా ఉండే) రకాలైన ఒలిక్ 39 శాతం, లినోలిక్ 10 శాతం ఉంటాయి. తవుడు నూనెలో పామిటిక్ 20 శాతం దగ్గర ఉండి, ఒలిక్ 40, లినోలిక్ 35 శాతం చుట్టుపక్కల ఉంటాయి. సోయా నూనెలో లినోలిక్ సగానికి పైగా ఉంటుంది, దానికి తోడు ఒమేగా-3 రకమైన లినోలెనిక్ ఏడెనిమిది శాతం ఉంటుంది. అవిసె నూనెలో ఆ లినోలెనిక్కే సగానికి మించి ఉంటుంది. లినోలిక్, లినోలెనిక్ వంటి బహుళ అసంతృప్త ఆమ్లాలు కాలేయంలో రెండు పనులు చేస్తాయి. కొవ్వు తయారీకి కావలసిన ఎంజైముల జన్యువులను నడిపించే ఎస్‌ఆర్‌ఈబీపీ-1 అనే నియంత్రక ప్రొటీన్‌ను అణచి, కొత్త కొవ్వు తయారీని తగ్గిస్తాయి. పీపార్ ఆల్ఫా అనే మరొక గ్రాహకాన్ని చురుకు చేసి, కొవ్వు ఆమ్లాలు శక్తి కోసం దహనమయ్యే వేగాన్ని పెంచుతాయి. సంతృప్త కొవ్వులకు ఈ గుణం అంతగా లేదు. అవి దహనం కావడం కంటే నిలవ కావడం వైపు మొగ్గుతాయి.

బ్రాయిలర్లలో ఇది ప్రయోగాలతో రుజువైన విషయమే. స్పెయిన్‌లో 1999 నుంచి 2002 వరకు రెండు మూడు పరిశోధక బృందాలు పశువుల కొవ్వు, ఆలివ్ నూనె, పొద్దుతిరుగుడు నూనె, అవిసె నూనెలను వేర్వేరుగా తినిపించి పోల్చి చూశాయి. పొద్దుతిరుగుడు, అవిసె నూనెలు తిన్న కోళ్లలో పొట్ట కొవ్వు, పశువుల కొవ్వు తిన్నవాటి కంటే స్పష్టంగా తగ్గింది. అయితే ఆ ఫలితాన్ని మన ఫారాలకు అన్వయించే ముందు రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఆ ప్రయోగాలలో నూనె 6 నుంచి 10 శాతం దాకా కలిపారు. మనం కలిపేది రెండు, మూడు శాతం మాత్రమే, కాబట్టి తేడా కూడా ఆ మేరకు చిన్నదిగానే ఉంటుంది. రెండోది నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది: తగ్గినది పొట్ట దగ్గర విడిగా తీయగల కొవ్వు మాత్రమే, మిగిలిన మాంసంలో ఉన్న కొవ్వులో చెప్పుకోదగ్గ మార్పు లేదని ఆ పరిశోధకులే 2002లో చూపారు. మన దుకాణాలలో తీసి పారేసేది పొట్ట కొవ్వే కాబట్టి మీకు అంతవరకు లాభమే. కాని కోడి మొత్తంగా సన్నబడిందని మాత్రం అనలేం.

నూనె జీర్ణమయ్యే తీరు వయసును బట్టి మారుతుంది. మొదటి రెండు వారాల్లో పిల్ల క్లోమం విడుదల చేసే లైపేజ్ (కొవ్వును విరగ్గొట్టే ఎంజైము), కాలేయం విడుదల చేసే పిత్త లవణాలు రెండూ తక్కువగా ఉంటాయి. అసంతృప్త ఆమ్లాలు పిత్త లవణాలతో సులువుగా కలిసి కరుగుతాయి గాని, పామిటిక్, స్టియరిక్ వంటి సంతృప్త ఆమ్లాలు అలా కరగలేక, కాల్షియంతో కలిసి సబ్బులా మారి రెట్టలో పోతాయి. అందుకే పిల్లల దాణాలో పామాయిల్ కంటే సోయా నూనె మేలు. నాలుగో వారం దాటిన కోడి పామాయిల్‌ను బాగానే జీర్ణం చేసుకుంటుంది. రెండింటినీ కలిపి వాడితే, సోయా నూనెలోని అసంతృప్త ఆమ్లాల తోడుతో పామాయిల్‌లోని సంతృప్త ఆమ్లాలు కూడా విడిగా ఇచ్చిన దానికంటే బాగా జీర్ణమవుతాయి. అందువల్ల ఫినిషర్‌లో నా సలహా ఒక వంతు సోయా నూనె, ఒక వంతు పామాయిల్. అశ్వారావుపేట, పెదవేగి చుట్టుపక్కల మిల్లుల నుంచి ముడి పామాయిల్ మన రైతులకు తేలికగా దొరుకుతుంది, దాన్ని పూర్తిగా వదులుకోవలసిన అవసరం నాకు కనిపించదు. పొద్దుతిరుగుడు నూనె మనుషుల వంటనూనె ధరకు కొని కోళ్లకు పోయడం లెక్కకు నిలవదు.

తవుడు నూనె మంచిదే గాని ఒక జాగ్రత్త చెప్పాలి. బియ్యం మిల్లులో పొట్టు తీసిన క్షణం నుంచే తవుడులోని లైపేజ్ నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది, వెంటనే వేడి చేసి ఆ ఎంజైమును చంపకపోతే కొద్ది రోజులలోనే విడి కొవ్వు ఆమ్లాలు బాగా పెరుగుతాయి. అటువంటి నూనె చౌకగా దొరుకుతుంది, శక్తి మాత్రం తక్కువ ఇస్తుంది. అసంతృప్త నూనె ఏదైనా గాలికి, ఎండకు త్వరగా కంపు కొడుతుంది. ఆ కంపు పట్టిన నూనె దాణాలోని విటమిన్ ఇ, విటమిన్ ఎ రెండింటినీ పాడు చేస్తుంది. అసంతృప్త నూనె పెంచితే విటమిన్ ఇ, యాంటీఆక్సిడెంట్ కూడా పెంచాలి. వేసవిలో నూనె పీపాలను రేకుల షెడ్డులో నిలబెట్టడం నేను చాలాచోట్ల చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

నూనె రకం కొవ్వు పరిమాణం మీద చూపే ప్రభావం చిన్నదే గాని, కొవ్వు స్వభావం మీద చూపేది చాలా పెద్దది. కోడి, పంది వంటి ఒకే పొట్ట ఉన్న జంతువులలో తిన్న కొవ్వు ఆమ్లాలు చాలా వరకు మారకుండానే ఒంటి కొవ్వులో చేరతాయి. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 1920లలో వేరుశనగ తిన్న పందుల మాంసం ఎందుకు మెత్తగా, నూనె కారుతూ వస్తోందో పరిశీలించినప్పుడు ఈ సంగతి స్పష్టమైంది. మొక్కజొన్న మీద పెరిగిన పంది తన కొవ్వును పిండి పదార్థం నుంచి తానే తయారు చేసుకుంటుంది కాబట్టి అది గట్టిగా ఉంటుంది, వేరుశనగ తిన్న పంది ఆ గింజలోని మెత్తని నూనెనే ఒంటికి పూసుకున్నట్టుగా నిలవ చేసుకుంటుంది. మీ కోళ్లలో కూడా సోయా నూనె బాగా పెంచితే చర్మం కింద కొవ్వు మెత్తబడి, ఐసులో పెట్టినా చేతికి జారుడుగా తగులుతుంది. అవిసె నూనె ఎక్కువైతే మాంసం వండేటప్పుడు చేప వాసన వస్తుంది. పత్తి గింజల నూనె సంగతి దీనికి విరుద్ధం: అందులోని సైక్లోప్రొపీన్ ఆమ్లాలు సంతృప్త ఆమ్లాన్ని అసంతృప్తంగా మార్చే ఎంజైమును అడ్డుకుంటాయి, అందువల్ల ఒంటి కొవ్వు గట్టిపడుతుంది. గుడ్లు పెట్టే కోళ్లకు ఆ నూనె పెడితే నిలవ ఉంచిన గుడ్లలో తెల్లసొన గులాబీ రంగుకు తిరుగుతుంది.

ఇక మీ గేదె. కోడి గురించి ఇంతవరకు చెప్పినది ఏదీ గేదెకు యథాతథంగా వర్తించదు, ఎందుకంటే నెమరువేసే జంతువు తిన్న నూనెను ముందు దాని రూమెన్‌లోని, అంటే మొదటి పొట్టలోని, సూక్ష్మజీవులు అందుకుంటాయి. అసంతృప్త నూనె ఆ జీవులకు విషం వంటిది, తమను కాపాడుకోవడానికి అవి దానికి హైడ్రోజన్ చేర్చి సంతృప్తంగా మారుస్తాయి. అందుకే గేదె ఏ నూనె తిన్నా నెయ్యి గడ్డకట్టే గుణం పోదు. నూనె ఎక్కువైతే రెండు నష్టాలు జరుగుతాయి. గడ్డిలోని పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవులు దెబ్బతిని, పాల వెన్నకు ముడిసరుకైన అసిటేట్ తయారీ తగ్గుతుంది. పచ్చిగడ్డి, ఎండుగడ్డి తక్కువై దాణా ఎక్కువైన పశువులో సూక్ష్మజీవుల పని దారి తప్పి, ట్రాన్స్-10, సిస్-12 సంయుగ్మ లినోలిక్ ఆమ్లం అనే మధ్యస్థ పదార్థం పుడుతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో ఈ పదార్థాన్ని రోజుకు 10 గ్రాములు మాత్రమే ఆవుల నాలుగో పొట్టలోకి పంపితే, నాలుగు రోజులలో పాల వెన్న 40 శాతానికి పైగా తగ్గింది. పొదుగులో కొవ్వు తయారీ జన్యువులనే అది అణచివేస్తుంది. ప్రయోగం ఆవుల మీద జరిగింది, కాని మీ గేదెలో జరిగినది ఇదే దారి అని నేను భావిస్తున్నాను. మొత్తం మేతలో, పొడి బరువు లెక్కన, కొవ్వు 5, 6 శాతం దాటకూడదు. మీరు వేసిన పచ్చి తవుడులోనే నూనె చాలా ఉంది, దాని మీద అర లీటరు పామాయిల్ మోతాదు దాటించింది. నూనె ఆపండి, గడ్డి పెంచండి, వెన్న రెండు మూడు వారాలలో తిరిగి రావాలి. శక్తి నిజంగా చాలని పశువుకు రూమెన్‌లో కరగని కాల్షియం సబ్బుల రూపంలోని కొవ్వు, అంటే బైపాస్ ఫ్యాట్, ఇవ్వవచ్చు.

పాల వెన్నను తగ్గించే ఈ సంయుగ్మ లినోలిక్ ఆమ్లాన్నే కొవ్వు కరిగించే మందుగా మనుషులకు అమ్ముతున్న ప్రకటనలు చూసి కొందరు కోళ్లకు కూడా కలపవచ్చా అని అడుగుతుంటారు. అమెరికాలో 1997లో చిట్టెలుకల దాణాలో సంయుగ్మ లినోలిక్ ఆమ్లాల మిశ్రమాన్ని అర శాతం కలిపితే ఒంటి కొవ్వు సగానికి పైగా తగ్గింది, ఆ వార్త అప్పట్లో పెద్ద ఆశ రేపింది. తరువాతి పరిశీలనలలో ఆ చిట్టెలుకల్లోనే కాలేయం కొవ్వుతో పెద్దదవుతున్నట్టు బయటపడింది. ఒక జంతువులో వచ్చిన ఫలితాన్ని ఇంకొక జంతువుకు తెచ్చి తగిలించడం ఎంత ప్రమాదమో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మీ తరువాతి బ్యాచ్‌కు చేయవలసినది ఇది. షెడ్డును మధ్యలో వల కట్టి రెండు భాగాలు చేసి, రెండింటిలోనూ మగ, ఆడ సమానంగా ఉండేలా చూసుకోండి, ఎందుకంటే ఆడ కోడికి సహజంగానే కొవ్వు ఎక్కువ. ఒక వైపు ఇప్పుడున్న పద్ధతిలోనే పామాయిల్ పోసి, రెండో వైపు అంతే పామాయిల్‌తో పాటు సోయా చెక్క సరిచేసిన దాణా పెట్టండి. నూనె రకం మార్చడం దాని తరువాతి బ్యాచ్‌కు ఉంచండి, రెండూ ఒకేసారి మారిస్తే దేని వల్ల ఏమి జరిగిందో తెలియదు. ఒకే రోజున ప్రతి వైపు నుంచి పది మగ, పది ఆడ కోళ్లను తీసి, బతికున్నప్పటి బరువు రాసుకుని, కోసిన తరువాత కందనకాయ చుట్టూ ఉన్న కొవ్వును, అక్కడి నుంచి మలద్వారం వరకు పరుచుకున్న కొవ్వును పూర్తిగా తీసి గ్రాముల త్రాసులో తూచండి. ఆ తూకాన్ని బతికిన బరువుతో భాగించి శాతంగా రాయండి. సాధారణంగా ఇది రెండు శాతం చుట్టుపక్కల ఉంటుంది, వయసు పెరిగిన కొద్దీ పెరుగుతుంది. కోళ్లు 42 రోజులు దాటాక అమ్ముతున్నట్లయితే ఆ తేదీని కూడా పక్కన రాయండి. ఆ ఇరవై ఇరవై అంకెలు, సోయా పరీక్ష కాగితం పంపితే, మీ దాణా సూత్రాన్ని నేను మళ్లీ లెక్క వేసి ఇస్తాను.